స్థితిస్థాపకత చాపది, నిబ్బరం మనిషిది

సందేహం: మాజీ సైనికుల కుటుంబాల కోసం మేం కొందరం ఒక కరపత్రం రాస్తున్నాం. మా నాన్నగారు నేవీలో చేసి రిటైరయ్యారు. ‘రెసీలియన్స్’ అనే మాటకు నిఘంటువు చూసి ‘మోహరింపు అనంతర మానసిక స్థితిస్థాపకత’ అని శీర్షిక పెట్టాం. సరైనదేనా?
– ఒక పాఠకురాలు, మల్కాపురం, విశాఖపట్నం

సమాధానం: ఆ శీర్షిక మీ నాన్నగారికి చదివి వినిపించారా? వినిపించి ఉంటే నాకు రాసే పని పడేది కాదేమో!

‘స్థితిస్థాపకత’ తప్పు మాట కాదు, చోటు తప్పిన మాట. భౌతికశాస్త్ర పాఠంలో స్ప్రింగుకీ రబ్బరుకీ చక్కగా అతుకుతుంది. అంతకు ముందు అది తర్కశాస్త్రంలో మాట. తర్కపండితుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో సంస్కారం (అంటే ఇక్కడ మర్యాద కాదు, లోపల మిగిలిపోయే ముద్ర) మూడు రకాలన్నాడు: వేగం, భావన, స్థితిస్థాపకం. మూడోది ఉండే చోటుగా ఆయన చూపింది చాపలాంటి వస్తువుల్ని. చాలాకాలం చుట్టి ఉంచిన చాపను పరిచి చూడండి, అంచులు మళ్లీ చుట్టుకుపోతాయి. మరి ఆత్మకు? దానికి ఉండేది భావన. అనుభవం వల్ల పుట్టి జ్ఞాపకానికి కారణమయ్యేది. పాత రూపానికి తిరిగి రావడం చాపకూ, గుర్తుండిపోవడం మనిషికీ పంచిపెట్టాడన్నమాట. యుద్ధం చూసొచ్చినవాడు ఏ లెక్కలోకి వస్తాడో వేరే చెప్పాలా?

మీరు చెప్పదలచినదానికి తెలుగులో ఒకటి కాదు, రెండు మాటలున్నాయి. దెబ్బ తగిలినా చెదరకుండా ఉండడం నిబ్బరం. చెదిరి, కొన్నాళ్లకు కుదుటపడడం తేరుకోవడం. తేరడమంటే కలక నీటిలో మట్టి అడుగుకు దిగి నీరు తేటపడడం. మట్టి ఎక్కడికీ పోదు, అడుగునే ఉంటుంది. మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ బొనానో 2004లో ఈ రెండు దారులూ వేరని గట్టిగా వాదించాడు. ఆయన ‘రెసీలియన్స్’ అన్నది మొదటిదాన్ని, మన నిబ్బరాన్నే. బీచ్ రోడ్డులో నేవీ విన్యాసాల పేలుళ్లకు మనం చప్పట్లు కొడతాం. పక్కన ఒక మాజీ సైనికుడు ఉలిక్కిపడి, కాసేపటికి ఊపిరి కూడదీసుకుంటే ఆయన తేరుకున్నట్టు. నిబ్బరం లేనివాడని మాత్రం అనకండి.

ఇక్కడే మీ కరపత్రానికి ఒక జాగ్రత్త. నిబ్బరం వర్ణనకు మంచి మాట, ఆజ్ఞకు పనికిరాదు. నెలల తరబడి కంటికి కునుకులేనివాణ్ణి ‘నిబ్బరంగా ఉండు’ అంటే, ఉన్న బాధ దాచుకోమన్నట్టే. అలాంటిచోట ‘డాక్టరుకు చూపించండి’ అని రాయండి.

ఇక ‘మోహరింపు’. అది సేనను బారులు తీర్చడం. పత్రికల్లో ‘సరిహద్దులో బలగాల మోహరింపు’ అంటే బాగానే ఉంటుంది. ఇంటికొచ్చిన ఒక్క మనిషికి ‘మోహరింపు అనంతరం’ ఏమిటి? ఏ ఇల్లాలూ అలా అనదు.

‘యుద్ధం నుంచి ఇంటికొచ్చాక’ అని పెట్టండి. కింద చిన్నక్షరాల్లో ‘నిబ్బరం, తేరుకోవడం’ అని వేయండి. ఈసారి మాత్రం మీ నాన్నగారికి చదివి వినిపించాకే అచ్చుకివ్వండి.