స్కిజోఫ్రీనియాలో మతిమరుపు, ఏకాగ్రత లోపం: ఇంట్లోవాళ్లు ఎలా సాయపడాలి?

స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు ఉన్నవాళ్లు, మందులతో భ్రమలు, ఎవరూ లేకపోయినా చెవిలో వినపడే మాటలు తగ్గాక కూడా పనులు మధ్యలో వదిలేస్తుంటే బద్ధకం అనుకుంటాం. కాదు. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, పనిని వరసలో పెట్టుకోవడం ఈ జబ్బులోనే దెబ్బతింటాయి. మందులు వాటిని పెద్దగా బాగుచేయవు.

కాబట్టి గుర్తుపెట్టుకునే భారం తగ్గించాలి. "స్నానం చేసి, తయారై, బ్యాంకుకి వెళ్లు" అనకండి. ఒకసారికి ఒక్క పనే చెప్పండి. సబ్బు, తువ్వాలు, బట్టలు ఒకేచోట కనపడేలా పెట్టండి. మాత్రలకు రోజుకో గడి ఉన్న డబ్బా, ఫోన్‌లో అలారం పనికొస్తాయి. అలారంలో ఏం చెయ్యాలో కూడా రాయండి, లేకపోతే ఆపేసి మర్చిపోతారు (మనమూ అంతేగా!).

ఈ జబ్బు మందుల వల్ల వచ్చే వణుకు తగ్గడానికి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ అనే మాత్ర మతిమరుపు పెంచవచ్చు. సొంతంగా ఆపకుండా డాక్టర్‌ని అడగండి. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత మెరుగుపడేలా సాధన చేయించే కాగ్నిటివ్ రెమెడియేషన్ అనే శిక్షణ గురించి కూడా అప్పుడే కనుక్కోండి.