చిన్న బ్రాండ్ దగ్గర కొన్న చొక్కాలు: ‘నో రిఫండ్’ అంటే చెల్లుతుందా?

ప్రశ్న: హైదరాబాద్‌లోని ఒక చిన్న బ్రాండ్ ఇన్‌స్టాగ్రామ్ పేజీ చూసి, ఆఫీసుకు వేసుకోవడానికి మూడు చొక్కాలు తెప్పించుకున్నాను. యూపీఐలో రూ.8,700 కట్టాను. ‘పోచంపల్లి ఇక్కత్, చేనేత’ అని అమ్మిన చొక్కా తిరగేస్తే డిజైన్ వెలిసినట్టుంది, ప్రింటేమోనని అనుమానం. లినెన్ చొక్కా మొదటి ఉతుకుకే బిగుతైపోయింది. మూడోదాని రంగు నాకు నచ్చలేదు. డబ్బు వెనక్కి అడిగితే ‘నో రిఫండ్, క్రెడిట్ నోట్ ఇస్తాం, 90 రోజుల్లో వాడుకోండి’ అంటున్నారు. పార్సిల్ అంది 12 రోజులైంది. ఇంత చిన్న వ్యాపారి మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: వెళ్లొచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో చిన్న వ్యాపారి, పెద్ద వ్యాపారి అనే తేడా లేదు. ఆన్‌లైన్‌లో కొన్నా మీరు వినియోగదారే. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు సొంత సరుకు అమ్ముకునే సింగిల్ బ్రాండ్‌లకూ వర్తిస్తాయి. వ్యాపారంగా కాకుండా, ఇంట్లో వాడిన వస్తువును ఎప్పుడో ఒకసారి అమ్ముకునే వ్యక్తికి మాత్రమే అవి వర్తించవు. ‘మాది ఇన్‌స్టా పేజీ, వెబ్‌సైట్ కాదు’ అని వాళ్లు వాదించినా అసలు చట్టం నుంచి తప్పించుకోలేరు. అయితే మీ మూడు చొక్కాల బలం ఒకటి కాదు. మూడూ ఒకే గాటన కట్టి ఫిర్యాదు రాస్తే బలమైనది కూడా పలుచబడుతుంది.

అన్నిటికన్నా బలమైనది ఇక్కత్ చొక్కా. ఇక్కత్‌లో నూలును ముందే ముడులు కట్టి రంగు వేసి తర్వాత నేస్తారు. కాబట్టి రంగు రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది, డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టు కనిపిస్తాయి. ప్రింటులో అంచులు గీత గీసినట్టుంటాయి, లోపలి వైపు వెలిసినట్టుంటుంది. కింది మడతలో కుట్టు లోపలి నుంచి ఒక పోగు లాగి చూడండి. పోగు చుట్టూ రంగు పట్టి ఉంటే ఇక్కత్, ఒక పక్కనే అంటి ఉంటే ప్రింట్. ఒక జాగ్రత్త. ముడులు కట్టి రంగు వేసిన నూలును మరమగ్గం మీద కూడా నేయవచ్చు. అంటే ఈ పరీక్షతో ‘ప్రింట్ కాదు’ అని తేలుతుందే తప్ప ‘చేనేత’ అని తేలదు. చేనేత అన్న మాటకు రుజువుగా హ్యాండ్‌లూమ్ మార్క్ (చేనేతకు ప్రభుత్వం ఇచ్చే గుర్తు) ట్యాగ్ ఉందా అని రాతపూర్వకంగా అడగండి. ఆ గుర్తు లేనంత మాత్రాన చేనేత కాదని అర్థం కాదు గానీ, జవాబు ఏమిచ్చారన్నది మీకు పనికొస్తుంది. పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ప్రింటును ఆ పేరుతో అమ్మడం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి, అంటే సరుకు నాణ్యత గురించి తప్పుడు ప్రచారం. ‘బట్ట ఇచ్చినవాడు మమ్మల్ని మోసం చేశాడు’ అని బ్రాండ్ చెప్పొచ్చు, అది నిజమే కావచ్చు కూడా. కానీ ఆ లెక్క వాళ్లిద్దరి మధ్య తేల్చుకోవాల్సింది, మీకు సమాధానం కాదు.

లినెన్ చొక్కా సంగతి ఎలా ఉతకాలో చెప్పే లోపలి కేర్ లేబుల్ మీద ఆధారపడి ఉంటుంది. లినెన్ కొంత కుంచించుకుపోవడం సహజం. పేజీలో ‘ప్రీ-వాష్‌డ్’ (ముందే ఉతికినది) అనో ‘ప్రీ-ష్రంక్’ (ముందే కుంచింపజేసినది) అనో రాసి ఉంటే ఆ సహజం అన్న వాదన నిలవదు. అలా రాయకపోయినా, లేబుల్ మెషిన్ వాష్ చేయొచ్చని చెప్పి, మీరు అలాగే ఉతికితే లోపం వాళ్లదే. ‘చల్లటి నీళ్లు, చేతి ఉతుకు’ అని ఉండగా వేడినీళ్లలో మెషిన్‌లో వేసి ఉంటే ఈ చొక్కాను వదిలేయడం మేలు. ఎంత కుంచించిందో అంకెల్లో చూపాలి. చొక్కాను పరిచి, చంక కింద ఈ కొస నుంచి ఆ కొసకు టేపు పెట్టి ఫోటో తీయండి. ఆ కొలతను రెట్టింపు చేసి, బ్రాండ్ సైజు చార్టులో చొక్కాకు ఇచ్చిన ఛాతీ చుట్టుకొలతతో పోల్చండి. చార్టులో 42 అంగుళాలుండి ఇప్పుడు 39.5 వస్తే దాదాపు 6 శాతం తగ్గినట్టు. ‘బిగుతైంది’ అన్న మాటకు లేని బలం ఈ అంకెకు ఉంటుంది.

మూడో చొక్కాను మరిచిపోండి. నచ్చలేదని తిరిగిచ్చే హక్కు మన చట్టంలో లేదు, అమ్మినవాళ్ల సొంత పాలసీలో ఉంటేనే ఉంటుంది. పేజీలో నేవీ బ్లూ అని రాసి ఆకాశనీలం పంపితే వేరు. ఫోన్ తెరకూ బట్టకూ ఉన్న ఛాయ తేడా మీద కేసు నిలవదు. చేనేత బట్టలో అక్కడక్కడా పోగు లావుగా ఉండటం కూడా లోపం కాదు, అది కూడా జోడించకండి.

‘నో రిఫండ్’ అన్న షరతు లోపమున్న సరుకు విషయంలో చెల్లదు. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడమే అనుచిత పద్ధతి అని పైన చెప్పిన సెక్షన్ 2(47) చెబుతుంది. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువు, లేకపోతే 30 రోజులు. మీకు 12 రోజులు గడిచాయి కాబట్టి మిగిలిన 18 రోజుల్లోపు మీ డిమాండ్ రాతపూర్వకంగా వెళ్లాలి. అసలు బిల్లే ఇవ్వకపోతే అది కూడా అనుచిత పద్ధతే, దాన్నీ రాయండి. చట్టం చెప్పేది డబ్బు వాపసు గురించి, క్రెడిట్ నోట్ గురించి కాదు. ఆ నోట్ వాడకండి. వాడితే రాజీ కుదిరిందని వాదిస్తారు.

ఈ రోజే చేయాల్సింది ఆధారాలు భద్రం చేయడం. చొక్కా పోస్టు, దాని కింది వివరణ, సైజు చార్టు, మెసేజ్‌లు తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీయండి. స్టోరీలో చెప్పిన మాటలు 24 గంటల్లో మాయమవుతాయి, పోస్టులను కూడా తర్వాత మార్చేయొచ్చు. స్క్రీన్‌షాట్‌లు తీసిన ఫోన్ మీదేనని చెప్పే భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్‌ను, కమిషన్‌కు వెళ్లినప్పుడు ఫిర్యాదుతో ఇచ్చే అఫిడవిట్‌తో జతపరచండి. ఇక్కత్ చొక్కాను ఉతకొద్దు, ట్యాగ్‌లు తీయొద్దు, రాతపూర్వక హామీ లేకుండా వెనక్కి పంపొద్దు. అది చేజారితే ల్యాబ్‌కు పంపడానికి ఏమీ మిగలదు.

ఇలాంటి కేసులు ఎక్కువగా ఆగిపోయేది ప్రతివాది చిరునామా దగ్గరే. బ్రాండ్ పేరు మీద నోటీసు పంపితే తిరిగొస్తుంది. పార్సిల్ కవరు మీద పంపినవారి పేరు, యూపీఐలో కనిపించిన పేరు చూడండి. బిల్లు మీద జీఎస్టీ నంబరుంటే జీఎస్టీ పోర్టల్‌లో కొట్టండి, యజమాని పేరు, వ్యాపార స్థలం వస్తాయి. సొంత యాజమాన్యమైతే ‘ఫలానా బ్రాండ్, ప్రొప్రైటర్ ఫలానా’ అని రాయాలి. డబ్బు నేరుగా కట్టారు కాబట్టి ఇన్‌స్టాగ్రామ్‌ను ప్రతివాదిగా లాగకండి, వాయిదాలు పెరగడం తప్ప లాభం లేదు.

ముందు ఈమెయిల్‌లోనూ స్పీడ్ పోస్టులోనూ 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. అది వాళ్ల గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) పేరున ఉంటే మంచిది. ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. ఆ తర్వాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పండి. చిన్న బ్రాండ్‌లు చాలావరకు ఇక్కడే దిగివస్తాయి. రాకపోతే ఈ-జాగృతి పోర్టల్‌లో ఖమ్మం జిల్లా కమిషన్‌కే ఫిర్యాదు చేయండి. మీరుండే చోటే కేసు వేయొచ్చు, హైదరాబాద్ వెళ్లనక్కర్లేదు. రూ.5 లక్షల వరకు ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. బట్ట సంగతి ల్యాబ్‌లో తేల్చాల్సి వస్తే వినియోగదారుల చట్టం సెక్షన్ 38 కింద కమిషనే సీలు వేసి పంపుతుంది. పరీక్ష ఖర్చు ముందు మీరే డిపాజిట్ చేయాలి, గెలిస్తే దాన్నీ కోరండి. మూడు నెలల్లో, పరీక్ష ఉంటే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం చెప్పినా అంతకన్నా ఎక్కువే పడుతుందనుకోండి.

కోరేటప్పుడు రెండు చొక్కాల ధర, డెలివరీ చార్జీ, పరీక్ష ఖర్చు, కొద్దిపాటి పరిహారం, కేసు ఖర్చులు అడగండి. చొక్కాకు లక్ష పరిహారం అడిగినవారి మిగతా మాటలను కూడా కమిషన్ సభ్యులు అనుమానంగానే చూస్తారు. ఫిర్యాదుకు గడువు వివాదం తలెత్తిన రోజు నుంచి రెండేళ్లు. అయినా పైన చెప్పిన 18 రోజులను వదులుకోవద్దు.