చెరి సగం అన్నారు, ఎందులో సగం?

ప్రశ్న: మాది సింగరాయకొండ. రెండేళ్ల క్రితం ఒంగోలు కోర్టులో పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకున్నాం. ఇద్దరు పిల్లలూ నా దగ్గరే, మా అమ్మవాళ్లింట్లో ఉంటున్నాం. ఆయన చీమకుర్తిలో గ్రానైట్ ఫ్యాక్టరీ సూపర్‌వైజర్. డిక్రీలో రాసిన ఎనిమిది వేలు నెలనెలా వేస్తారు, ఆ మాట ఒప్పుకోవాలి. గొడవంతా పైఖర్చుల దగ్గరే. కాగితంలో ‘పిల్లల చదువు, వైద్యం అదనపు ఖర్చులు చెరి సగం’ అని ఉంది. బాబు క్రికెట్ ఆడుతూ చెయ్యి విరగ్గొట్టుకుంటే ఆస్పత్రికి 38,000 అయింది, సగం ఇచ్చారు. పాప టెన్త్ పాసై నెల్లూరులో ఇంటర్ హాస్టల్లో చేరింది. ఏడాదికి 1,10,000. దానికి మాత్రం ‘నన్ను అడిగి చేర్చావా?’ అంటున్నారు. పిల్లల చదువుకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బు నీ ఖాతాలోనే పడింది కదా అంటారు. పైగా బాబుకు సైకిల్ కొనిచ్చి, ఆ 6,500 నెల డబ్బులో కోసుకున్నారు. నేను బట్టలు కుట్టి నెలకు పది వేలు తెచ్చుకుంటే గొప్ప. ఆయనకు నలభై వేల దాకా వస్తాయట. నేను మాట్లాడితే మాటామాటా పెరుగుతోందని పాప చేతే ఫోన్ చేయిస్తున్నాను. డబ్బు తేలేదాకా దసరా సెలవులకు పిల్లల్ని పంపనని చెప్పేశాను. పాపకు ఓణీల ఫంక్షన్ కూడా చేయాలి. ఏం చేయమంటారు మేడమ్?
— పేరు వేయవద్దు, సింగరాయకొండ

జవాబు: ముందు దసరా సంగతి. పిల్లల్ని పంపండమ్మా. ఆయన డబ్బు ఇవ్వనంత మాత్రాన పిల్లలకు నాన్న దగ్గరికి వెళ్లే హక్కు పోదు. మీరు పంపనంత మాత్రాన ఆయన బాకీ వసూలూ కాదు. ఈ రెండూ ముడిపెట్టారంటే, రేపు కోర్టులో ఆయన వకీలు హాస్టల్ ఫీజు ఊసే ఎత్తడు. ‘నా క్లయింటుకు పిల్లల్ని చూపించడం లేదు’ అనే ఒక్క మాట మీద కేసు నడిపిస్తాడు. ఒంగోలు కోర్టు వరండాలో ఈ తంతు నేను చూస్తూనే ఉంటాను.

సైకిల్ లెక్క చదివి నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. తండ్రి కొడుక్కి సైకిల్ కొనిస్తే అది ముద్దుకు కొన్నది. ఎనిమిది వేలు డిక్రీ ప్రకారం ఇవ్వాల్సినది. అందులోంచి తనంతట తాను కోసుకోవడానికి లేదు. ఆ 6,500 ఇంకా బాకీయే. అంకె స్పష్టంగా ఉంది కాబట్టి అవసరమైతే అదే కోర్టులో ఈపీ, అంటే డిక్రీ అమలు పిటిషన్, వేసి రాబట్టుకోవచ్చు.

హాస్టల్ ఫీజు దగ్గర మాత్రం ఆయనది ఉత్త మొండితనం అనలేను. చేర్చే ముందు ఆయనకు చెప్పినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. చెయ్యి విరిగినప్పుడు అడిగే తీరిక ఉండదు, అందుకే ఆయనా మారు మాట్లాడకుండా సగం ఇచ్చారు. కాలేజీ సంగతి అలా కాదు. పరీక్షలయ్యాక ఫలితాలు వచ్చేదాకా ఒక వాట్సాప్ మెసేజ్‌కి బోలెడు సమయం ఉంది. లక్షా పదివేల నిర్ణయం తనకు బిల్లు రూపంలో తెలిస్తే ఏ తండ్రికైనా మండుతుంది.

అయితే ‘అడగలేదు కాబట్టి ఇవ్వను’ అనడం మాత్రం చట్టం ముందు నిలబడదు. హిందూ దత్తత, మనోవర్తి చట్టం 1956 ప్రకారం పిల్లల పోషణ తల్లిదండ్రులిద్దరి బాధ్యత. పోషణ అంటే తిండి, బట్ట, నీడ మాత్రమే కాదు, చదువు, వైద్యం కూడా అని ఆ చట్టమే చెబుతుంది. 2020 నవంబర్ 4న రజనీష్ వర్సెస్ నేహా కేసులో సుప్రీంకోర్టు ఇంకాస్త విడమరిచింది. చదువు ఖర్చు మామూలుగా తండ్రి భరించాలి. తల్లికీ సరిపడా సంపాదన ఉంటే ఇద్దరి ఆదాయాల దామాషాలో పంచవచ్చు. కోచింగ్ ఖర్చునూ లెక్కలోకి తీసుకోవాలి, కాకపోతే అది సబబుగా ఉండాలి, తాహతుకు మించి ఉండకూడదు.

ఆ దామాషా దగ్గరే మీరు నష్టపోయారు. పది వేలు సంపాదించే మనిషి, నలభై వేలు సంపాదించే మనిషితో ‘చెరి సగం’ అని సంతకం ఎందుకు పెట్టారో నాకు తెలుసు. ఆ రోజు త్వరగా బయటపడితే చాలనిపించి ఉంటుంది. కానీ పోషణ హక్కు పిల్లలది, మీరు సంతకం చేసినంత మాత్రాన అది తరిగిపోదు. హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద డిక్రీ అయిపోయాక కూడా పిల్లల పోషణ, చదువు గురించిన షరతులు మార్చమని అదే కోర్టును అడగవచ్చు. ఆయన జీతం ఎంతో మీరు ఊహించాల్సిన పనీ లేదు. నేను చెప్పిన ఆ తీర్పు ప్రకారమే ఇద్దరూ ఆదాయం, ఆస్తులు, అప్పుల వివరాలతో అఫిడవిట్ వేయాలి.

తల్లికి వందనం విషయంలో మాత్రం న్యాయం ఆయన వైపే ఉంది. ఒక్కో బిడ్డకు ప్రభుత్వం ప్రకటించిన 15,000లో 2,000 బడి నిర్వహణకు పోను 13,000 తల్లి ఖాతాలో పడుతుంది. అది చదువు కోసం ఇచ్చిందే. ముందు దాన్ని ఫీజులోంచి తీసేసి, మిగిలింది పంచుకోండి. లెక్క చూడండి: 1,10,000లో 13,000 పోతే 97,000. ఆదాయాలు మీరు రాసినట్టే ఉంటే ఆయనవి నాలుగు వంతులు, మీది ఒకటి. ఆయన 77,600, మీరు 19,400. సగం లెక్కన మీ మీద పడేది 48,500. బట్టలు కుట్టి ఆ తేడా పూడ్చాలంటే ఎన్ని జాకెట్లు కుట్టాలో నాకంటే మీకే బాగా తెలుసు.

కొత్తగా రాసుకునేటప్పుడు ‘అదనపు ఖర్చులు’ అని గాల్లో వదిలేయకండి. కాలేజీ ఫీజు, హాస్టల్, పుస్తకాలు, కోచింగ్, కళ్లద్దాలు, ఆస్పత్రి అని పేరుపేరునా రాయించండి. మూడు వేలు దాటితే ముందు మెసేజ్ పెట్టాలి, వారంలో జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే, ఆస్పత్రికి మాత్రం అనుమతి అక్కర్లేదు అని ఉంటే సగం తగాదాలు పుట్టవు. ఫీజు వాటా ఆయన నేరుగా కాలేజీకి కట్టేలా పెట్టండి. నా అనుభవంలో మాజీ భార్య ఖాతాలో వేయడానికి చెయ్యి రాని మగాళ్లు, కాలేజీ రసీదు మీద తమ పేరు కనిపిస్తుందంటే చప్పున కట్టేస్తారు. ఉన్న మాట ఇది. ఇప్పటికి మాత్రం బిల్లుల ఫోటోలు, పంపిన మెసేజ్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్ అన్నీ దాచుకోండి.

పాప చేత ఫోన్ చేయించడం ఈరోజే ఆపేయండి. హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లకు ఫీజు వసూలు పని పెట్టకండి, ఆ టెన్షన్ దానికెందుకు? ఆయనతో మాట్లాడలేకపోతే రాయండి. రాసింది సాక్ష్యంగానూ పనికొస్తుంది.

వకీలు ఫీజు గురించి జంకవద్దు. న్యాయసేవల చట్టం 1987 ప్రకారం మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. డిక్రీ సర్టిఫైడ్ కాపీ, ఆధార్, ఫీజు రసీదులు తీసుకుని ఒంగోలులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. అక్కడ ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడిస్తారు. ఒప్పందం కుదిరితే లోక్ అదాలత్‌లో అవార్డుగా, అంటే తీర్పుగా, రాయించుకోండి. దానికి సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, మీద అప్పీలు ఉండదు.

ఓణీల ఫంక్షన్ ఖర్చు అడిగితే కోర్టు మీ వైపు విచిత్రంగా చూస్తుంది. పెళ్లికాని ఆడపిల్ల పెళ్లి ఖర్చు చట్టంలో ఉంది గానీ ఓణీలు లేవు. కాబట్టి ఒప్పందంలోకి దాన్ని లాగకండి. ఎవరి చుట్టాల భోజనాల ఖర్చు వాళ్లే పెట్టుకోవడం సుఖం. చదివింపుల పుస్తకాలు మాత్రం రెండు పెట్టించండి, రాసేవాళ్లనూ వేరువేరుగా కూర్చోబెట్టండి.