6 మిల్లీమీటర్ల సైన్యానికి ముందు బేస్ తేల్చుకోవాలా, రూల్స్ తేల్చుకోవాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. టేబుల్ మీద బొమ్మ సైనికులతో ఆడే యుద్ధపు ఆట (వార్‌గేమ్) కోసం నెపోలియన్ కాలం నాటి రెండు సైన్యాలు 6 మి.మీ. స్కేల్‌లో, అంటే ఒక్కో సైనికుడు దాదాపు 6 మి.మీ. ఎత్తుండే బొమ్మలు, కొన్నారు, రంగులు వేయడం కూడా మొదలుపెట్టారు. బొమ్మల్ని గుంపుగా అతికించే పలకలు, అంటే బేస్‌లు, ఏ సైజులో చేయించాలో మాత్రం తేలడం లేదు, ఎందుకంటే చూసిన ప్రతి రూల్‌బుక్కూ ఒక్కో కొలత చెబుతోంది. ఇప్పుడు అతికించేసి, రేపు వేరే రూల్స్ నచ్చితే అన్నీ ఊడదీయాల్సి వస్తుందేమోనని మీ టెన్షన్.

నేను చాలా ఏళ్లుగా ఈ చిన్న స్కేల్‌లోనే ఆడుతున్నాను. నా నెపోలియన్ సైన్యాలు 60 మి.మీ. వెడల్పు బేస్‌ల మీద, ప్రాచీన కాలపు సైన్యాలు 40 మి.మీ. వెడల్పు బేస్‌ల మీద ఉన్నాయి. ఈ ఏళ్లలో రూల్స్ ఎన్నో మార్చాను, బేస్‌లు మాత్రం మార్చాల్సిన అవసరం రాలేదు. కాబట్టి జవాబు ముందే చెప్పేస్తాను: రెండు సైన్యాలకూ ఒకే వెడల్పు పెట్టండి. మీ విషయంలో అది 60 × 30 మి.మీ. అయితే బాగుంటుంది. ఈరోజుల్లో వాడే రూల్స్‌లో ఎక్కువ భాగానికి కావాల్సింది ఇరువైపులా ముందు వెడల్పు సమానంగా ఉండటమే. దూరాలు కూడా చాలావాటిలో బేస్ వెడల్పుల లెక్కలోనే ఉంటాయి. రూల్‌బుక్కులో కనిపించే కొలత రచయిత సొంత సైన్యం కొలత అనుకోండి, దాన్ని శాసనంలా తీసుకోనక్కర్లేదు.

రూల్స్ విషయానికొస్తే, "ఏవి మంచివి" అని కాకుండా "ఈ ఆటలో నేనెవరిని" అని అడగండి. బెటాలియన్‌ను నడిపే కల్నలా? డివిజన్ జనరలా? మొత్తం సైన్యానికి అధిపతా? అశ్వికదళం మీదికొస్తుంటే చతురస్రంగా నిలబడాలా వద్దా అన్నది కల్నల్ బాధ. సైన్యాధిపతికి అది కనపడను కూడా కనపడదు. ఏ దళాన్ని ఎప్పుడు పంపాలి, రిజర్వ్‌ను ఎంతసేపు ఆపాలి, ఇదే ఆయన బాధ. ఒకే ఆటలో రెండు పనులూ చేయించే రూల్స్ ఉన్నాయి. అలాంటివాటితో పెద్ద యుద్ధం మొదలుపెడితే సాయంత్రానికి సగం కూడా కాదు. నా అభిప్రాయంలో 6 మి.మీ. బొమ్మల బలమంతా గుంపులోనే ఉంది. పదిమంది సైనికులతో ఆడే చిన్న కొట్లాటకి ఈ స్కేల్ సరిపోదు, చేతిలో ఏ తుపాకీ ఉందో కూడా తెలియదు. డివిజన్ నుంచి పైకి ఆలోచించండి.

ఇప్పుడు 60 మి.మీ. ఎందుకో లెక్క చూద్దాం. బ్రిటిష్ పదాతిదళం రెండు వరుసల్లో నిలబడేది. 600 మంది బెటాలియన్ అంటే వరుసకు 300 మంది. మనిషికి 55 నుంచి 60 సెంటీమీటర్లు వేసుకుంటే ముందు వెడల్పు 165 నుంచి 180 మీటర్లు వస్తుంది. దాన్ని 60 మి.మీ. బేస్ అనుకుంటే టేబుల్ మీద 1 మి.మీ. నేల మీద 3 మీటర్లు. మామూలుగా దొరికే 1.8 × 1.2 మీటర్ల టేబుల్ అప్పుడు 5.4 × 3.6 కిలోమీటర్ల మైదానం అవుతుంది. 1815 జూన్ 18న వాటర్లూలో వెల్లింగ్టన్, నెపోలియన్ సైన్యాలు ఎదురెదురుగా నిలబడ్డ ముందు వరుస సుమారు 5 కిలోమీటర్లు. అంటే ఆ యుద్ధభూమి మొత్తం మీ టేబుల్ మీదికి వస్తుంది. ఈ స్కేల్ మీద నాకున్న ప్రేమకి ఈ ఒక్క లెక్క చాలు.

ఇదే లెక్కతో రూల్స్‌ను కూడా తూచొచ్చు. మస్కెట్ తుపాకీ పని చేసే దూరం దాదాపు 100 మీటర్లు, అంటే టేబుల్ మీద 33 మి.మీ., సగం బేస్ వెడల్పుకి కాస్త ఎక్కువ. 12 పౌండ్ల ఫిరంగి గుండు 800, 900 మీటర్ల దాకా గట్టిగా పని చేస్తుంది, అది అయిదు బేస్ వెడల్పుల లోపే. ఏదైనా రూల్స్ మస్కెట్‌కి మూడు బేస్ వెడల్పుల దూరం ఇస్తే ఆ ఆట చెడ్డదని కాదు. అది నేల కొలతకన్నా ఆట వేగానికి ప్రాధాన్యం ఇచ్చిందని అర్థం. ఆ సంగతి ముందే తెలిసి కొనుక్కుంటే నిరాశ ఉండదు.

లెక్క కుదరని చోటు ఒకటుంది, లోతు. రెండు వరుసల సైనికులు నిజానికి రెండు మూడు మీటర్ల లోతే ఉంటారు. మీ బేస్ లోతు 30 మి.మీ. అయితే అది 90 మీటర్లు! దీన్ని ఏ రూల్సూ పూర్తిగా సరిచేయలేవు. బొమ్మ నిలబడాలి కదా. దీనివల్ల వెనక రిజర్వ్ పెట్టుకునే చోటు టేబుల్ మీద ఇరుకైపోతుంది. ఒక దళం ఇంకో దళం మధ్య నుంచి వెనక్కి వెళ్లాలన్నా చోటు చాలదు. అందుకే బెటాలియన్‌కు 60 × 60 చదరపు బేస్ వద్దంటాను, చూడటానికి ఎంత బాగున్నా సరే. అదే మీరు సైన్యాధిపతిగా ఆడుతూ ఒక యూనిట్‌ను బ్రిగేడ్ (కొన్ని బెటాలియన్ల దళం) అనుకుంటే నేల కొలత మారుతుంది, పైగా బ్రిగేడ్ నిజంగానే రెండు మూడు అంచెల్లో నిలబడేది కాబట్టి ఆ లోతు అబద్ధం కాదు. అప్పుడు రెండు 60 × 30 బేస్‌లను ఒకదాని వెనక ఒకటి పెడితే 60 × 60 అయిపోయింది. ఒకే బొమ్మలతో రెండు స్థాయిల ఆట ఆడొచ్చు. నేను 60 × 30 దగ్గర ఆగిపోవడానికి ముఖ్యమైన కారణం ఇదే.

బెటాలియన్ లైన్‌లో (వెడల్పుగా పరుచుకుని) ఉందా, కాలమ్‌లో (ఇరుకుగా, ఒకరి వెనక ఒకరు) ఉందా అన్నది కళ్లతో చూడాలనిపిస్తే ఒక్క బేస్ చాలదు. ఆరు కంపెనీల ఫ్రెంచ్ బెటాలియన్ రెండు కంపెనీల ముందు వెడల్పుతో కాలమ్ కడితే, అది లైన్ వెడల్పులో మూడో వంతు. అలాంటప్పుడు 20 మి.మీ. వెడల్పు బేస్‌లు మూడు చేసుకోండి. పక్కపక్కన పెడితే లైన్, వెనకవెనక పెడితే కాలమ్. మూడూ పట్టే 60 మి.మీ. ట్రే ఒకటి చేసుకుంటే పెద్ద ఆటకీ పనికొస్తాయి. ప్రతి బెటాలియన్‌కూ కదిలించాల్సిన ముక్కలు మూడింతలవుతాయని మాత్రం గుర్తుంచుకోండి. పెద్ద యుద్ధంలో అది చేతులకు పెద్ద పని.

రూల్స్ పేర్లు చెప్పమంటారు కాబట్టి కొన్ని చెబుతాను. పొలెమోస్ రూల్స్ 6 మి.మీ. బొమ్మల కోసమే పుట్టాయి, 60 × 30 బేస్ మీదే నడుస్తాయి. మీరు నేరుగా మొదలుపెట్టొచ్చు. బ్లూషర్‌లో యూనిట్ అంటే బ్రిగేడ్. మీ వంతులో ఎన్ని పనులు చేయగలరో చెప్పే పాచికలు ఎదుటివాడు వేసి దాచిపెడతాడు, మీ వంతు ఎప్పుడు ఆగిపోతుందో మీకు తెలియదు. జనరల్ తలలో ఉండే ఆ గుబులు ఇంత చక్కగా పట్టుకున్న రూల్స్ నేను తక్కువ చూశాను. బ్లాక్ పౌడర్ కొలతలు అంగుళాల్లో ఉంటాయి. అంగుళం బదులు సెంటీమీటర్ అని చదువుకుంటే చిన్న బొమ్మలకు సరిపోతుంది. రెండు పాచికలు వేసి కమాండర్ రేటింగ్‌కి మించకపోతేనే ఆజ్ఞ పాటిస్తారు, బాగా తక్కువ పడితే ఒకేసారి మూడు కదలికలు కూడా దొరుకుతాయి. స్నేహితులు నలుగురైదుగురు కూర్చుని సరదాగా ఆడటానికి అది బాగుంటుంది, సీరియస్‌గా వాటర్లూ ఆడాలంటే నేను బ్లూషరే తీస్తాను. రేపు ప్రాచీన కాలం వైపు మనసు పోతే 1990లో వచ్చిన డీబీఏ (డి బెల్లిస్ యాంటిక్విటాటిస్) అనే రూల్స్ ఉన్నాయి. వైపుకి 12 బేస్‌లు, 40 మి.మీ. వెడల్పు, గంటలో ఆట అయిపోతుంది. టు ది స్ట్రాంగెస్ట్ అయితే గళ్ల మీద పేకముక్కలతో నడుస్తుంది, గడిలో పడితే చాలు, బేస్ సైజుతో పనే లేదు.

ఏది కొన్నా ఒకటి చూసుకోండి: యూనిట్ పక్కన ఎన్ని గుర్తులు పెట్టమంటోంది? ఈ స్కేల్‌లో సైనికుల్ని ఒక్కొక్కరిగా తీసేయడం ఉండదు, కాబట్టి నష్టాన్ని ఏదో రకంగా చూపాలి. యూనిట్‌కు ఒక్క గుర్తు అయితే సరే. నష్టం, గందరగోళం, అలసట, మందుగుండు అంటూ నాలుగైదు పెట్టమంటే అందమైన సైన్యం కాస్తా రంగు బిళ్లల కింద మాయమైపోతుంది. నాకు 5 మి.మీ. పాచిక ఒక్కటి బేస్ వెనక పెట్టడం నచ్చుతుంది.

ఇళ్ల సంగతి కూడా చెప్పాలి. 6 మి.మీ. బొమ్మ అసలు మనిషిలో దాదాపు 300వ వంతు, మన నేల కొలత మాత్రం 3000వ వంతు. పది మీటర్ల ఇల్లు బొమ్మగా 33 మి.మీ. ఉంటుంది, టేబుల్ లెక్కలో అది 100 మీటర్లు ఆక్రమిస్తుంది. అందుకని గ్రామాన్ని ఒక మట్టిరంగు ముక్కగా కత్తిరించి, దాని మీద రెండు మూడు చిన్న ఇళ్లు విడిగా పెట్టండి. సైన్యం లోపలికి వస్తే ఇళ్లు పక్కకు తీసి బేస్ పెట్టండి. నేను ఇళ్లకు సైనికులకన్నా చిన్న స్కేల్‌వే వాడతాను, కంటికి తేడా తెలియదు.

అతికించే ముందు అట్టముక్కలు 60 × 30 సైజులో కోసి, మీద బెటాలియన్ పేర్లు రాసి రెండు మూడు ఆటలు ఆడండి. రూల్స్ మీకు నచ్చాయో లేదో అక్కడే తెలిసిపోతుంది. ఆ తర్వాత 2 మి.మీ. మందం ఎండీఎఫ్ (చెక్కపొడిని నొక్కి చేసే పలక) ముక్కలు లేజర్‌తో కోయించుకోండి. అంతకన్నా పల్చన అయితే ఎత్తేటప్పుడు వేళ్లు బేస్‌ను కాకుండా బొమ్మల్ని పట్టుకుంటాయి, బాయొనెట్లు వంగిపోతాయి. నలుగురు సైనికులు 20 మి.మీ. పట్టీగా వచ్చే బొమ్మలైతే ముందు వరుసకు మూడు పట్టీలు, రెండు వరుసలకు 24 మంది పడతారు. రంగులు మాత్రం బేస్ మీద పెట్టకముందే వేయండి. పట్టీలను ఐస్‌క్రీమ్ పుల్లల మీద చుక్క గమ్‌తో నిలబెట్టుకుంటే వెనక వరుసకి కూడా బ్రష్ అందుతుంది.

నేల రంగు యూనిఫాం కన్నా లేతగా ఉండాలి. ఫ్రెంచ్ ముదురు నీలం కింద ముదురు ఆకుపచ్చ వేస్తే మూడడుగుల దూరం నుంచి చూసేసరికి అంతా ఒక నల్లటి మచ్చ. గడ్డి విషయంలో కూడా జాగ్రత్త, 2 మి.మీ. స్టాటిక్ గడ్డి (నిలువుగా నిలబడేలా అంటించే నకిలీ గడ్డి పోచలు) ఈ సైనికుడికి మోకాలి పైకి వస్తుంది. మైదానం మొత్తం అడవిలా కనిపిస్తుంది. సన్న ఇసుక, దాని మీద మెత్తటి పొడి గడ్డి చాలు. రెండు సైన్యాలకూ, టేబుల్ గుడ్డకూ ఒకే రంగు కుటుంబం పెట్టండి, వాడిన రంగుల పేర్లు ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. అడుగున అయస్కాంత షీటు అంటించి, రేకు పరిచిన పెట్టెలో పెడితే ప్రయాణంలో కదలవు.

బొమ్మలు అతికించేటప్పుడు వెనక అంచున 4, 5 మి.మీ. ఖాళీ వదలండి. దళం పేరు చిన్న అక్షరాల్లో ప్రింట్ చేసి అక్కడ అంటించండి. ఈ సైజులో 52వ రెజిమెంట్‌కీ 71వ రెజిమెంట్‌కీ తేడా ఎవరూ చూసి చెప్పలేరు. లేబుల్ ఉంటే ఆట మధ్యలో వెతుక్కునే పని ఉండదు, వెనక నుంచి మీకు కనిపిస్తుంది కాబట్టి ఎదుటివాడి కంట పెద్దగా పడదు కూడా.