రాత్రిపూట పీఎం 2.5 పెరుగుదల: బొగ్గు ఒక్కటే కాదండీ

విశాఖ మల్కాపురంలో చలికాలం రాత్రుళ్లు మీ గాలి నాణ్యత మీటరులో పీఎం 2.5 (గాలిలో తేలే అతి సన్నని కణాలు) పెరగడానికి పోర్టు బొగ్గే కారణమా అని అడిగారు కదండీ. బాల్కనీలో వేలికి అంటుకునే నల్లపొడి చాలావరకు ముతక ధూళి. మీటరు చూపేది 2.5 మైక్రాన్ల లోపు కణాలు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). వాటిలో కర్బన పదార్థం ఎక్కువే ఉంటుంది: డీజిల్ పొగ, చెత్త మంటలు, కట్టెల పొయ్యిలు, బజ్జీల బండి మీద కాగే నూనె కూడా. వంట పొగను చాలామంది లెక్కలోకే తీసుకోరు, తీసుకోవాలి. పెట్రోలు, పెయింట్ల ఆవిర్లు కూడా ఎండలో చర్య జరిపి కణాలుగా మారతాయి. కొండల మధ్య గిన్నెలాంటి ఊరు మనది, చలి రాత్రి ఇవన్నీ కిందే నిలిచిపోతాయి.

వారం పాటు గంటగంటకీ రీడింగు రాయండి. సాయంత్రం 7 నుంచే పెరిగితే మంటలు, వంట, ట్రాఫిక్‌ను అనుమానించండి. తెల్లవారుజామున మంచులోనే ఎగబాకితే కొంత తేమ ప్రభావం కావచ్చు, తేమకు ఉబ్బిన కణాలను చవక సెన్సార్లు ఎక్కువ చేసి చూపిస్తాయి.