పడవ బండి: ఫైబర్‌కు పగుళ్లు ఎందుకు?

ప్రశ్న: వేట నిషేధం (ఏప్రిల్ 15 నుంచి జూన్ 14) రోజుల్లో మా 24 అడుగుల ఫైబర్ పడవను ఒడ్డెక్కించడానికి ఇనప బండి చేయించాం. పడవ అడుగున పక్కలకు పగుళ్లొస్తున్నాయి, చక్రాలు ఇసుకలో దిగబడుతున్నాయి. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, అంతర్వేది పల్లిపాలెం

జవాబు: బరువు పక్క దన్నుల మీద పడుతున్నట్టుంది. మోయాల్సింది పడవ నడిమి వెన్ను. దన్నులు పడవ ఒరగకుండా ఆపడానికే. వెన్ను కింద పొడవునా దూలం వేయండి. దన్నులకు అడుగు పొడవు పలకలు బిగించి, పడవ లోపల అడ్డుబద్దలున్న చోటే ఆనించండి. పైన టైరు రబ్బరు చాలు. కార్పెట్ వద్దు, ఉప్పునీటిని పట్టి ఉంచుతుంది.

ఇరుసు ఎక్కడన్నదే అసలు కిటుకు. లాగేటప్పుడు ఇంజను ఉంటే దానితోనే పడవను దుంగ మీద తూచి, సమంగా నిలిచే చోటు గుర్తించండి. ఇరుసు అక్కడికి జానెడు వెనక, అంటే ఇంజను వైపు ఉండాలి. ముందుకుంటే లాగే కొక్కెం పైకి లేస్తుంది.

ఇసుకకు వెడల్పు టైర్లే. గాలి కొంత తగ్గిస్తే దిగబడవు. రోడ్డెక్కేముందు మళ్లీ నింపాలి. బండి చట్రానికి గొట్టాల కన్నా సి-చానల్ (ఒక పక్క తెరిచి ఉండే ఇనప కమ్మీ) మేలు, లోపల నీరు నిలవదు. గాల్వనైజింగ్ (తుప్పు పట్టకుండా జింకు పూత) వెల్డింగంతా అయ్యాకే. నీళ్లలో దించిన ప్రతిసారీ మంచినీళ్లతో కడిగి, బేరింగులకు గ్రీజు పట్టించండి.

నిలవ పెట్టాక ఇరుసు కింద దిమ్మలు పెట్టి, పడవ ముక్కు ఎత్తుగా ఉంచి, నీళ్లు బయటికి పోయేలా వెనక బిరడా తీసేయండి. మే తుపానుకు 10 సెంటీమీటర్ల వాన పడితే ఇంత పడవలో టన్ను దాకా నీళ్లు చేరతాయి.