లండన్ వెళ్తే అమరావతి శిల్పాలు చూడాలా? ఎంతసేపు పడుతుంది?

"వచ్చే నెల లండన్ వెళ్తున్నాం, బ్రిటిష్ మ్యూజియంలో మన అమరావతి రాళ్ళున్నాయట, పనిగట్టుకుని వెళ్ళాలా, ఒక్క పూటలో అయిపోతుందా" అని అడిగారు కదా. తప్పకుండా వెళ్ళండి, గంటన్నర చాలు. కాకపోతే బయల్దేరేలోపు ఒక ఆదివారం అమరావతి వెళ్ళి రండి. ఇది ఎందుకు చెప్తున్నానంటే నేను అంతా తిరగేసి చూశాను, ముందు లండన్, తర్వాత అమరావతి, ఆ తర్వాత చెన్నై, మళ్ళీ లండన్.

మొదటిసారి మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు మ్యూజియానికి తీసుకెళ్ళింది. పెద్ద గేటులోంచి లోపలికి వెళ్ళగానే రోసెట్టా రాయి చుట్టూ జనం, అక్కడో అరగంట, పైన మమ్మీల దగ్గర ఇంకో రెండు గంటలు, కాళ్ళు పీకుతున్నాయి. "నాన్నా, మన అమరావతివి చూడవా" అని అదే గుర్తు చేసింది, అప్పటికి నాలుగున్నర, మ్యూజియం అయిదింటికి మూసేస్తారు. పరుగున వెళ్ళి ఫోన్లో ఓ నలభై ఫోటోలు కొట్టి బయటపడ్డాను. ఇంటికొచ్చి చూసుకుంటే సగం ఫోటోల్లో అద్దం మెరుపు, మిగతా సగంలో నా బట్టతల. ఏది ఏమిటో ఒక్కటీ తెలియలేదు.

సిగ్గుచేటు ఏమిటంటే మాది గుంటూరు. అమరావతి ముప్పై పైచిలుకు కిలోమీటర్లు. కార్తీకమాసంలో అమరేశ్వరుడి గుడికి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు, ఈ రాళ్ళన్నీ ఉండిన పాత బౌద్ధ స్తూపం వైపు ఒక్కసారీ తిరగలేదు. లండన్ నుంచి వచ్చాక వెళ్ళాను. ఆటో అతను "అక్కడేముంది సార్, అంతా లండన్ పట్టుకుపోయారు" అన్నాడు. వెళ్ళి చూస్తే నిజంగానే పైకి పెద్దగా ఏమీ కనిపించదు, సుమారు యాభై మీటర్ల వెడల్పున ఇటుకలు, మట్టి కలిసిన గుండ్రటి దిబ్బ, చుట్టూ అక్కడక్కడా నిలబెట్టిన రాళ్ళు. దీన్ని ఒకప్పుడు దీపాలదిన్నె అనేవాళ్ళు. దాని చుట్టూ ఒక్కసారి నడవండి, తొందర లేకుండా. ఆ కొలత కాళ్ళకు తెలియాలి, లండన్‌లో అదే పనికొస్తుంది. పక్కనే పురావస్తు శాఖ మ్యూజియం ఉంది, చిన్నదే, స్తూపం నమూనా, పూర్ణఘటం చెక్కిన ఫలకం మాత్రం వదలకండి.

ఈ రాళ్ళు చెల్లాచెదురు కావడం ఒక్కరోజులో జరిగింది కాదు, ఒక్కరి పనీ కాదు. 1790లలో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు అమరావతి కట్టించుకుంటున్నప్పుడు ఇటుకలకోసం, రాళ్ళకోసం దిబ్బను తవ్వారు. ఆ కబురు విని 1798 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు, మళ్ళీ 1816లో వచ్చేసరికి దిబ్బ నడుమ చెరువు తవ్వేసి ఉంది. 1845లో మద్రాసు దొర, కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి తీసిన ఫలకాలు మద్రాసు చేరి ఏళ్ళ తరబడి ఎండకూ వానకూ బయటే పడి ఉన్నాయి, 1859లో వాటిలో వందకు పైగా ఓడెక్కి లండన్ పోయాయి. అక్కడేమైనా నెత్తిన పెట్టుకున్నారా అంటే అదీ లేదు, గుర్రపు బళ్ళ షెడ్డులో పడేసి ఉంటే 1867లో భారతీయ కట్టడాల చరిత్ర రాసిన జేమ్స్ ఫెర్గుసన్ చూసి బయటికి తీయించాడు. బ్రిటిష్ మ్యూజియానికి వచ్చింది 1880లో.

కానీ "అంతా లండన్‌లోనే" అనే మాట తప్పు. 1880లలో పురావస్తు శాఖ అధికారి జేమ్స్ బర్జెస్ తవ్వకాల్లో దొరికినవి చాలావరకు చెన్నై వెళ్ళాయి, ఎగ్మూరు గవర్నమెంట్ మ్యూజియంలో ఒక పెద్ద హాలు నిండా ఉన్నాయి. లండన్‌కు లక్షలు పోసి వెళ్ళేవాళ్ళం ఎగ్మూరు స్టేషన్ నుంచి కాస్త దూరం వెళ్ళి చూడం. అక్కడ నాళాగిరి ఏనుగు ఫలకం ఉంది. గుండ్రటి రాయి, ఒకే కథలో రెండు ఘట్టాలు. ఎడమవైపు మదపుటేనుగు ఒకణ్ణి తొండంతో పట్టి తిప్పుతోంది, జనం హడలిపోతున్నారు, ఒకావిడ భయంతో పక్కవాణ్ణి గట్టిగా కరుచుకుంది, మేడ కిటికీల్లోంచి ఆడవాళ్ళు తొంగిచూస్తున్నారు. కుడివైపు అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. మా వీధిలో ఎద్దు తాడు తెంపుకున్నరోజు కిటికీల్లో కనపడ్డ మొహాలు అచ్చం ఇలాగే ఉన్నాయి, ఏం మారలేదు మనం.

ఇవన్నీ చూశాక రెండోసారి లండన్ వెళ్ళినప్పుడు మమ్మీల జోలికి పోలేదు. మీరు కూడా పెద్ద గేటు వైపు కాకుండా వెనక మాంటేగ్యూ ప్లేస్ ద్వారంలోంచి వెళ్ళండి, 33 నంబరు గదికి అదే దగ్గర. చైనా, దక్షిణాసియా వస్తువుల ఆ పొడుగాటి హాలు చివర అద్దాలతో వేరు చేసిన చిన్న గది, 33ఏ, అదే అమరావతి గది. పలనాడు సున్నపురాయి తేమకు పాడవుతుంది కాబట్టి ఆ ఏర్పాటు. పాలరాయి అని చాలామంది అంటారు గాని కాదు.

అక్కడ రెండువైపులా చెక్కిన ఫలకం ఒకటుంది, ఇరవై నిమిషాలు దానికే ఇవ్వండి. ఒకవైపు క్రీ.పూ. 1వ శతాబ్దపు పని, బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, చుట్టూ దణ్ణం పెడుతున్న మనుషులు, బుద్ధుడు మాత్రం లేడు. ఆ రోజుల్లో ఆయన్ని గుర్తులతోనే చూపేవాళ్ళు. క్రీ.శ. 3వ శతాబ్దంలో ఎవరో అదే రాయిని తిప్పి వెనకవైపు ఏకంగా స్తూపాన్నే చెక్కారు. గుమ్మం దగ్గర సింహాలు, స్తూపం ముందు వరసగా నిలిపే అయిదు ఆయక స్తంభాలు, చుట్టూ రాతి కంచె, పైన గుమ్మటం. దాని ముందు నిలబడితే అమరావతిలో నేను చుట్టూ నడిచిన ఇటుకల దిబ్బ కళ్ళముందు లేచి నిలబడింది. అమ్మాయికి ఒక్కొక్కటీ చూపించి చెప్తుంటే పక్కనున్న తెల్లాయన కూడా ఆగి విన్నాడు, తెలుగు ఏం అర్థమైందో మరి!

ప్రవేశం ఉచితమే, ఆన్‌లైన్‌లో టైం బుక్ చేసుకుంటే క్యూ టెన్షన్ ఉండదు. వారం చూసుకోండి, అమరావతి మ్యూజియం, చెన్నై మ్యూజియం రెండూ శుక్రవారం మూత, లండన్‌లో శుక్రవారమే రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉంచుతారు.